రక్తపోటు: కంటికి కనబడని వ్యాధికి లెక్క

నల్లగొండ పేరు వైద్య గ్రంథాలకు ఎక్కిన కథ శ్రోతలలో చాలమందికి తెలిసినదే. 1955లో, ఆ జిల్లా ఇంకను హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న కాలాన, సిద్దిఖీ అను వైద్యుడు అచ్చటి ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము ప్రకటించినారు. రాతినేలలోని ఫ్లోరైడు బావినీటిలో కరిగి పండ్లను గారపట్టించినది, వెన్నెముకలను బిగియించినది. ఆ వ్యాధిని చూచుటకు యంత్రము అక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో వీధిని పోయే బాటసారికే అది కనబడినది. 1975లో నాగపూరు శాస్త్రజ్ఞులు పటికతోను సున్నముతోను ఆ నీటిని శుద్ధిచేయు విధానాన్ని ప్రకటించి, దానికి నల్లగొండ పేరే పెట్టినారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచి, తమ నీటిగోడును దేశమంతటికి వినిపించినారు.

కంటికి కనబడిన వ్యాధికి నోరు వచ్చినది. కనబడని వ్యాధి మాట ఏమి?

రక్తపోటు అటువంటిది. అది ఏండ్ల తరబడి ఏ బాధయు లేకుండ ఒంటిలో ఉండగలదు. తల తిరిగితే పైత్యమనుకొంటాము. అలసట తోస్తే ఎండదెబ్బ అనుకొంటాము. ఒకనాడు కాలుసేయి పడిపోయినపుడు పక్షవాతమని పేరు పెడతాము. ఆ పక్షవాతానికి దారితీసినది ఏదో మన పెద్దలకు తెలియలేదు. తెలియుటకు సాధనమే లేదు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రొచ్చి చేతికి కట్టే పట్టీని, పాదరసపు గొట్టాన్ని కూర్చినాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ ఆ పట్టీ క్రింద నాడి చప్పుడును చెవితో విని కొలిచే పద్ధతి చెప్పినాడు. అప్పటినుండియే రక్తపోటు ఒక అంకె అయినది.

వైద్యుని గదిలోని ఆ అంకె ఊరూరి లెక్కగా మారుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. మన దేశంలోని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తపోటును కొలుచుట 2015-16 నాటి నాలుగవ విడతలోనే మొదలైనది. 2019-21 నాటి అయిదవ విడతలో, పదునైదేండ్లు దాటినవారిలో రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉన్నవారు, లేదా దానికై మందు వాడుతున్నవారు, దేశం మొత్తముమీద స్త్రీలలో నూటికి 21.3, పురుషులలో 24 మంది అని తేలినది. తెలంగాణలో ఆ సంఖ్య స్త్రీలలో 26.1, పురుషులలో 31.4. ఒక్కనాటి కొలత వైద్యుని నిర్ణయముతో సమానము కాదన్న మాట నిజమే. అయినను, రచ్చబండపై కూర్చున్న ప్రతి ముగ్గురు మగవారిలో దాదాపు ఒకరికి ఈ పోటు ఉన్నదనుట చిన్న మాట కాదు.

లెక్క తేలినపుడు బాధ్యత కూడ తేలుతుంది. 2017లో ఆరంభమైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలుత ఎన్నుకొన్న అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. దాని సూత్రము సులభము: అందరికి ఒకే చికిత్సా క్రమము, ఇంటికి చేరువలోనే మాత్రలు, నెలనెలకు తిరిగి కొలత. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ హితవు. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మనకు ఇది కొంత కష్టమే.

అంతకంటె కష్టమైనది మరొకటి కలదు. పాలమూరు కూలి తరతరాలుగా దేశంలోని ఆనకట్టలకు మట్టి మోసినాడు. పనికోసము ఊరు విడిచినవాడు నెలనెలా అదే ఆసుపత్రి గడప ఎట్లు త్రొక్కగలడు? మాత్ర మధ్యలో ఆగిపోతే పోటు మరల పెరుగుతుంది. ఆ సంగతి అతనికి తెలియనే తెలియదు. అతడు ఎక్కడ పనిచేస్తే అక్కడనే కొలత, మందు దొరకవలెను.

నల్లగొండ ప్రజలు తమ నీటిలోని విషాన్ని గుర్తించి ఎలుగెత్తినారు. రక్తపోటు అట్లు పిలువదు, నొప్పియై హెచ్చరించదు. ముప్పదేండ్లు దాటిన ప్రతివారు ఏడాదికి ఒకమారైన చేయి చాచి ఆ పట్టీ కట్టించుకొనుటయే దానికి మనము ఇయ్యగల నోరు.