పెన్సిల్వేనియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విలీనం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2022 జులై 1న ఆరు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విలీనమై రెండుగా మారాయి. రాష్ట్రపు పడమటి భాగంలోని కాలిఫోర్నియా, క్లారియన్, ఎడిన్‌బరో విద్యాలయాలు కలిసి ‘పెన్సిల్వేనియా వెస్టర్న్ విశ్వవిద్యాలయం’గా ఏర్పడ్డాయి. దీనినే క్లుప్తంగా ‘పెన్‌వెస్ట్’ అంటారు. ఈశాన్య, ఉత్తర మధ్య ప్రాంతాలకు చెందిన బ్లూమ్స్‌బర్గ్, లాక్ హేవెన్, మాన్స్‌ఫీల్డ్ విద్యాలయాలు కలిసి ‘కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయం’ అయ్యాయి. ఇక్కడ కాలిఫోర్నియా అంటే పసిఫిక్ తీరాన ఉన్న రాష్ట్రం కాదు. పిట్స్‌బర్గ్ నగరానికి దక్షిణంగా మొనాంగహేలా నది ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్టణం.

విద్యార్థుల సంఖ్య పుష్కర కాలంలో దాదాపు ముప్పై శాతం తగ్గిపోవడం, అంతకు ముందునుంచే ప్రభుత్వ గ్రాంటు వాటా కుదించుకుపోవడం ఈ విలీనానికి మూలకారణాలు. ఏ ప్రాంగణమూ మూతపడలేదు. అయితే ఏ ప్రాంగణంలో ఏ చదువు మిగులుతుందన్న ప్రశ్న విలీనంతో తీరలేదు.

వ్యవస్థ పుట్టుక

1982లో పెన్సిల్వేనియా శాసనసభ చేసిన చట్టం ప్రకారం 1983 జులై 1 నుంచి రాష్ట్రంలోని 14 ప్రభుత్వ విద్యాలయాలు ఒకే వ్యవస్థ కిందకు వచ్చాయి. విద్యార్థిపై వీలైనంత తక్కువ భారం పడేలా నాణ్యమైన విద్య అందించడం ఈ వ్యవస్థకు చట్టం నిర్దేశించిన లక్ష్యం. వీటిలో అధిక భాగం పందొమ్మిదో శతాబ్దంలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలుగా మొదలై, క్రమంగా కళాశాలలుగా, ఆపై విశ్వవిద్యాలయాలుగా ఎదిగాయి. 1837లో స్థాపితమైన చేనీ విద్యాలయం అమెరికాలో నల్లజాతీయుల కోసం వెలసిన ఉన్నత విద్యాసంస్థలలో తొలినాటిది.

పెన్ స్టేట్, పిట్స్‌బర్గ్, టెంపుల్ వంటి పెద్ద విశ్వవిద్యాలయాలు ఈ వ్యవస్థలో భాగం కావు. అవి రాష్ట్ర గ్రాంటు పొందుతాయి కాని తమ సొంత పాలకమండళ్ల కింద నడుస్తాయి. ఈ 14 విద్యాలయాలలో చదివేవారిలో అత్యధికులు ఆ రాష్ట్రపు పిల్లలే. తమ కుటుంబంలో కళాశాల మెట్లెక్కిన మొదటి తరంవారు వారిలో ఎందరో ఉన్నారు. అనేక ప్రాంగణాలు చిన్న పట్టణాలలో ఉన్నాయి. మాన్స్‌ఫీల్డ్ వంటి ఊళ్లలో ఒకప్పుడు విద్యార్థుల సంఖ్య ఊరి జనాభాతో పోటీపడేది. అద్దె ఇళ్లు, భోజనశాలలు, దుకాణాలు అన్నీ విద్యాలయాన్ని నమ్ముకుని సాగేవే.

విద్యార్థులు ఎందుకు తగ్గారు?

2010లో ఈ వ్యవస్థలో సుమారు 1,19,500 మంది చదివేవారు. అదే గరిష్ఠ సంఖ్య. 2022 నాటికి అది 85 వేలకు దిగింది. అన్ని విద్యాలయాలూ ఒకే తీరున క్షీణించలేదు. ఫిలడెల్ఫియా నగరానికి సమీపంలోని వెస్ట్ చెస్టర్ విద్యాలయం ఈ కాలంలో పెరిగింది. గ్రామీణ ప్రాంతాలలోని మాన్స్‌ఫీల్డ్ పదేళ్లలోపే సగం మంది విద్యార్థులను కోల్పోయింది. 2010లో పదిహేను వందల పైచిలుకు విద్యార్థులున్న చేనీలో 2018 నాటికి ఐదు వందల మంది కూడా లేరు.

ఈ తగ్గుదలకు ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది జనాభా. పశ్చిమ పెన్సిల్వేనియాలో ఉక్కు కర్మాగారాలు 1970, 1980 దశకాలలో వరుసగా మూతపడ్డాయి. పని వెతుక్కుంటూ యువతరం ఇతర రాష్ట్రాలకు తరలిపోయింది. వారి పిల్లలు అక్కడే పుట్టి అక్కడే చదువుకున్నారు. ఆనాటి వలస ఫలితం ఒక తరం తరువాత తరగతి గదులలో కనిపించింది.

రెండవది పోటీ. ఇదే ప్రాంతాలలో పెన్ స్టేట్ శాఖా ప్రాంగణాలు, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాఖలు, ప్రైవేటు కళాశాలలు, రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి. తగ్గుతున్న విద్యార్థుల కోసం ఇన్ని సంస్థలు పోటీపడ్డాయి.

మూడవది ఖర్చు. దీని వెనుక ప్రభుత్వ నిధుల కథ ఉంది.

గ్రాంటు తగ్గింది, ఫీజు పెరిగింది

వ్యవస్థ ఏర్పడిన 1983లో విద్యాలయాల నిర్వహణ వ్యయంలో దాదాపు మూడింట రెండు వంతులు రాష్ట్ర ప్రభుత్వమే భరించేది. 2010 దశకానికి ఆ వాటా పావు వంతుకు కాస్త అటూ ఇటూగా మారింది. 2008 ఆర్థిక మాంద్యం తరువాత పరిస్థితి మరింత విషమించింది. 2011లో గవర్నర్ టామ్ కార్బెట్ ఈ వ్యవస్థ గ్రాంటును సగానికి పైగా తగ్గించాలని ప్రతిపాదించారు. చివరకు శాసనసభ ఆమోదించిన కోత సుమారు 18 శాతం. ఆ తరువాత మూడేళ్లు గ్రాంటు పెరగకుండా 41.28 కోట్ల డాలర్ల వద్దనే ఆగిపోయింది.

ప్రభుత్వం తగ్గించిన భారాన్ని విద్యార్థులే మోశారు. ఆ రాష్ట్రపు విద్యార్థి చెల్లించే వార్షిక బోధనా రుసుము 2010–11లో 5,804 డాలర్లు; 2018–19లో 7,716 డాలర్లు. వసతి, భోజనం, ఇతర రుసుములు కలిపితే ఏటా ఇరవై వేల డాలర్లు దాటేది.

వసతిగృహాల విషయం ప్రత్యేకంగా చెప్పదగినది. విద్యార్థులు పెరుగుతున్న రోజులలో పాత వసతిగృహాలను కూల్చి, అప్పు తెచ్చి, సకల సౌకర్యాలతో కొత్తవి కట్టారు. గదుల అద్దెతోనే ఆ అప్పు తీర్చవచ్చునని లెక్క వేశారు. విద్యార్థులు తగ్గడంతో గదులు ఖాళీగా మిగిలాయి. అప్పు వాయిదాలు మాత్రం తగ్గలేదు. ఉన్న విద్యార్థులపై అద్దె పెంచితే వారు మరో విద్యాలయం చూసుకునేవారు.

జీతాల విషయంలోనూ ఒత్తిడి పెరిగింది. 2016 అక్టోబరులో అధ్యాపక సంఘం వ్యవస్థ చరిత్రలో మొదటిసారి సమ్మె చేసింది. అది మూడు రోజులు సాగింది.

మూసివేతా, విలీనమా?

2017లో వ్యవస్థ కోరిక మేరకు అధ్యయనం చేసిన ఒక సలహా సంస్థ ఏ విద్యాలయాన్నీ మూయవద్దని, విలీనం చేయవద్దని సూచించింది. 2018లో శాసనసభ కోరికపై రాండ్ సంస్థ ఇచ్చిన నివేదిక విలీనంతో సహా పలు మార్గాలను ముందుంచింది. అదే ఏడాది డేనియల్ గ్రీన్‌స్టీన్ ఛాన్సలర్‌గా బాధ్యతలు స్వీకరించారు.

మూసివేత మాట అంత సులువు కాదు. దగ్గరలోని ప్రాంగణం మూతపడితే పేద కుటుంబాల పిల్లలు దూరం వెళ్లి చదవలేక చదువే మానుకునే ప్రమాదం ఉంది. ఊరి ఆర్థిక జీవనం దెబ్బతింటుంది. భవనాలపై తెచ్చిన అప్పు కళాశాలతో పాటు మూతపడదు. అది మిగిలిన విద్యాలయాల నెత్తిన పడుతుంది.

2020 జులైలో గవర్నర్ టామ్ వోల్ఫ్ సంతకం చేసిన చట్టం విద్యాలయాలను విలీనం చేసే అధికారాన్ని పాలకమండలికి ఇచ్చింది. మొదట రెండేసి విద్యాలయాలను జత చేయాలని తలచారు. ఆ ఏడాది అక్టోబరుకు మూడేసి విద్యాలయాల రెండు కూటముల ప్రణాళిక ఖరారైంది. విలీనం జరగకపోతే మొత్తం వ్యవస్థనే రద్దు చేయాలని సిఫారసు చేయవలసి వస్తుందని గ్రీన్‌స్టీన్ 2021లో శాసనకర్తల ఎదుట హెచ్చరించారు. అధ్యాపక సంఘం, పూర్వ విద్యార్థులలో ఒక వర్గం ఉద్యోగాల నష్టాన్ని, చదువు నాణ్యతను ప్రస్తావిస్తూ అభ్యంతరం తెలిపారు. 2021 జులై 14న పాలకమండలి విలీనాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. 2022 మార్చిలో గుర్తింపు సంస్థ సమ్మతించింది. దీనితో 14 విద్యాలయాల వ్యవస్థ పదికి చేరింది.

మారినవి, మారనివి

విలీనమైన ప్రతి కూటమికి ఒకే అధ్యక్షుడు, ఒకే పాలనా యంత్రాంగం, ఒకే బడ్జెట్, ఒకే అధ్యాపక బృందం ఏర్పడ్డాయి. పట్టా కూడా ఒకటే. ప్రాంగణాల పేర్లు మాత్రం నిలిచాయి. క్రీడా జట్లు కూడా విడివిడిగానే కొనసాగుతున్నాయి. అమెరికాలో పూర్వ విద్యార్థులకు కళాశాల జట్టుతో ఉండే అనుబంధం గాఢమైనది. విరాళాలు కూడా దానితో ముడిపడి ఉంటాయి.

తరగతి గదిలో మార్పు లోతైనది. మూడు ప్రాంగణాలలో మూడు చిన్న విభాగాలుగా నడిచిన చదువును ఒకే విభాగంగా కలిపారు. ఒక ప్రాంగణంలోని అధ్యాపకుడు చెప్పే పాఠాన్ని తక్కిన ప్రాంగణాల విద్యార్థులు తెరపై వినే పద్ధతి విస్తరించింది. ఎడిన్‌బరో నుంచి కాలిఫోర్నియా ప్రాంగణానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. కాబట్టి విద్యార్థి అటూ ఇటూ తిరిగి చదివే వీలు లేదు.

ఈ పద్ధతి వల్ల ఒక మేలు ఉంది. పది మంది కూడా లేక ఆగిపోయే తరగతి మూడు చోట్ల విద్యార్థులు కలవడం వల్ల నిలబడుతుంది. నష్టమూ ఉంది. ప్రయోగశాల, సంగీతం, నాటకం, చిత్రకళ వంటివి తెర మీద నేర్చుకోవడం కష్టం. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పే చిన్న కళాశాల అని నమ్మి చేరిన విద్యార్థికి ఆ నమ్మకం సడలుతుంది.

ఫలితాలు

విలీనంతో విద్యార్థుల తగ్గుదల వెంటనే ఆగలేదు. తొలి సంవత్సరాలలో రెండు కొత్త విశ్వవిద్యాలయాలలోనూ సంఖ్య ఇంకా తగ్గింది. పెన్‌వెస్ట్ లోటు బడ్జెట్‌తో సతమతమైంది. విద్యార్థులు తక్కువగా ఉన్న కోర్సులలో కొత్త ప్రవేశాలు నిలిపివేసింది. విశ్వవిద్యాలయ వ్యయంలో సింహభాగం జీతాలే కావడంతో, విలీనం వల్ల కలిసివచ్చే పొదుపు అధికంగా ఉద్యోగాల తగ్గింపు నుంచే రావలసి ఉంటుంది.

ఇదే సమయంలో ప్రభుత్వ వైఖరి కొంత మారింది. 2022–23లో గ్రాంటును ఏడున్నర కోట్ల డాలర్లు పెంచి 55.25 కోట్లు చేశారు. 2018 నుంచి బోధనా రుసుమును 7,716 డాలర్ల వద్ద ఏడేళ్లపాటు పెంచకుండా ఆపారు. ద్రవ్యోల్బణాన్ని లెక్కిస్తే అసలు ఫీజు తగ్గినట్లే. 2025–26లో అది 7,994 డాలర్లకు పెరిగింది.

ఇతర రాష్ట్రాలు

జార్జియా 2011 నుంచి వరుస విలీనాలతో తన ప్రభుత్వ విద్యాసంస్థల సంఖ్యను 35 నుంచి 26కు తగ్గించింది. వెర్మాంట్‌లో 2020 ఏప్రిల్‌లో మూడు ప్రాంగణాలు మూసే ప్రతిపాదన వచ్చి, ప్రజాగ్రహంతో కొద్ది రోజులకే వెనక్కు వెళ్లింది. దానిని తెచ్చిన ఛాన్సలర్ రాజీనామా చేశారు. 2023 జులైలో అక్కడి విద్యాలయాలు విలీనమై వెర్మాంట్ స్టేట్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. విస్కాన్సిన్ 2018లో తన రెండేళ్ల కళాశాలలను పెద్ద విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసింది. అయినా 2023 నుంచి వాటిలో కొన్ని మూతపడ్డాయి.

ముందున్న కాలం

అమెరికాలో 2007లో 43 లక్షల పైచిలుకు శిశువులు పుట్టారు. 2008 మాంద్యం తరువాత జననాలు తగ్గుతూ 2020కి 36 లక్షలకు చేరాయి. 2007లో పుట్టినవారు 2025లో పద్దెనిమిదో ఏట అడుగుపెట్టారు. ఆ తరువాతి తరగతులు ఏటా చిన్నవవుతాయి.

2025 మేలో పెన్ స్టేట్ తన ఏడు శాఖా ప్రాంగణాలను 2027 వసంతకాలపు తరగతుల అనంతరం మూసివేయాలని నిర్ణయించింది. వాటిలో ఫాయెట్ ఒకటి. ఫాయెట్ కౌంటీకి నది ఆవలి ఒడ్డునే పెన్‌వెస్ట్ కాలిఫోర్నియా ప్రాంగణం ఉంది. 2027 తరువాత ఆ కౌంటీ విద్యార్థికి ఇంటి నుంచి వెళ్లి రాగల దూరంలో మిగిలే కొద్దిపాటి ప్రభుత్వ విద్యాలయాలలో అది ఒకటి. ఆ విద్యార్థి కోరుకునే చదువు అప్పటికి అక్కడ అధ్యాపకుడి ఎదుట కూర్చుని నేర్చుకునేలా ఉంటుందా లేదా అన్నది, ఏటా హారిస్‌బర్గ్‌లో రాష్ట్ర శాసనసభ ఆమోదించే గ్రాంటుపైనే చాలావరకు ఆధారపడి ఉంది.