రెండు వారాల ముందు ఎలా ఉన్నారు?

వృద్ధుల దుర్బలతను లెక్కగట్టే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ కెనడాలో పుట్టింది. హాలిఫాక్స్‌లోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన వృద్ధాప్య వైద్యుడు కెన్నెత్ రాక్‌వుడ్, సహచరులతో కలిసి దాన్ని 2005లో ప్రచురించాడు. ఒళ్లు ఎంత ఉడిగిందో తెలియడానికి యంత్రాలు అక్కర్లేదు, మనిషి తన పనులు ఎలా చేసుకుంటున్నాడో కనుక్కుంటే చాలునన్నది అందులోని ఆలోచన. మొదట 7 మెట్లు, తర్వాత 9 అయ్యాయి. డబ్బు లెక్కలకూ మందులకూ బరువు పనులకూ సాయం కావలసివస్తే 5. మెట్లెక్కడానికీ స్నానానికీ ఆసరా కావాలంటే 6. సొంత అవసరాలన్నిటికీ మరొకరు ఉండాల్సిందే అయితే 7. వయసు ప్రసక్తే లేదు. 85 ఏళ్ల మనిషికి 2 రావచ్చు, 68 ఏళ్ల మనిషికి 6 రావచ్చు. ఈ కొలతలోని మేలంతా అక్కడే ఉంది.

2020 మార్చిలో కోవిడ్ ముంచుకొచ్చేసరికి, వార్డులో వాడుకునే ఈ కొలత బ్రిటన్‌లో ఐసీయూ గుమ్మం దగ్గరికి చేరింది. అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ మార్చి 20న మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్పత్రిలో చేరే వయోజనులందరికీ దుర్బలత అంచనా వేయాలి. 5 లేదా అంతకు మించితే ఐసీయూ చికిత్స వల్ల నిజంగా మేలుందా అని ఆలోచించాలి. ఇక్కడే చిక్కొచ్చింది. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన 30 ఏళ్ల యువకుడికి స్నానానికి ఎప్పుడూ సాయం కావాలి. అతని ఊపిరితిత్తులు దిట్టంగా ఉన్నా స్కోరు 6, 7 వస్తుంది. వికలాంగుల సంఘాలు, ఆటిజం ఉన్నవారి కుటుంబాలు మండిపడ్డాయి. కోర్టుకెక్కే మాటా వచ్చింది. మార్చి 25న నైస్ సవరణ ఇచ్చింది: 65 ఏళ్లలోపు వారికి, స్థిరమైన వైకల్యం, ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవారికి ఈ స్కేలు వాడకూడదు. వృద్ధుల కోసం తయారైన కొలతకు ఈ హద్దు మొదటే గీయాల్సింది.

స్కోరు వేసే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. జ్వరంతో మంచం పట్టిన మనిషిని ఆ పూట చూసి అంకె వేస్తే అందరికీ 7 వస్తుంది. అందుకే రెండు వారాల ముందు ఎలా ఉన్నారన్నదే ప్రశ్న. అంగడికి ఒక్కరే వెళ్లొచ్చేవారా? మాత్రలు ఎవరు తీసిచ్చేవారు? వార్డులోకి బంధువులను రానివ్వని రోజులవి కాబట్టి ఈ వివరాలు చాలాసార్లు ఫోన్‌లోనే రాబట్టాల్సి వచ్చింది.

బ్రిటన్‌లోని 10 ఆస్పత్రులు, ఇటలీలోని ఒక ఆస్పత్రి కలిసి 1,564 మంది కోవిడ్ రోగులపై చేసిన కోప్ అధ్యయనం 2020లోనే వెలువడింది. రోగి గతిని వయసు కన్నా, ఇతర జబ్బుల కన్నా దుర్బలతే మెరుగ్గా సూచించిందని తేల్చింది. 2021 మార్చిలో నైస్ తన కోవిడ్ మార్గదర్శకాలను ఒకచోట చేర్చినప్పుడు స్కేలునూ ఉంచింది, దాని పక్కన ఆ మినహాయింపులనూ ఉంచింది.