ఇత్తడి నమూనా రైలు వంతెన

ఉక్కు ట్రస్ (త్రికోణాలుగా అమర్చిన పట్టీల చట్రం) రైలు వంతెనలను ఇత్తడి కిట్‌లతో చిన్న కొలతలో నిర్మించే నమూనా ఇది. ఈ పనికి ఇత్తడే తగినదనడానికి ప్రధాన ఆధారం మందం. నమూనా రైళ్లలో వాడే హెచ్‌ఓ కొలత 1:87. అసలు వంతెనలోని 12 మి.మీ. ఉక్కు పలక ఇందులో సుమారు 0.14 మి.మీ. అవుతుంది. ప్లాస్టిక్‌ను అంత పలచగా అచ్చుపోయడం కష్టం, 1 మి.మీ. మందమున్నా అది 87 మి.మీ. ఉక్కుకు సమానమై వంతెన మొద్దుగా కనిపిస్తుంది. ఇత్తడి రేకును ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో తొలిస్తే సన్నని అడ్డపట్టీలు, రివెట్ గుర్తులు కూడా కొలతకు తగ్గట్టు వస్తాయి.

ఇత్తడి ఖరీదెక్కువ, టంకానికి నేర్పు కావాలన్న అభ్యంతరం నిజమే. వేడి త్వరగా పాకి పక్క అతుకు ఊడవచ్చు. అయితే మొదటి అతుకులకు ఎక్కువ వేడికి కరిగే టంకం, తర్వాతివాటికి తక్కువ వేడికి కరిగేది వాడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. సన్నని అడ్డపట్టీల చట్రం లేకుండా పలకల దూలాలతో కట్టే ప్లేట్ గర్డర్ వంతెనకు ప్లాస్టిక్ చాలు. ట్రస్ వంతెనకు మాత్రం ఇత్తడిదే పైచేయి.