గోదావరిపై ఆవిరి పడవలు: ఆగిన దారి, మిగిలిన సరిహద్దులు

బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా సంగారెడ్డి నేలను తడుపుతూ సాగే మంజీర నది కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడికి చాలా దిగువన, ప్రాణహిత సంగమం నుంచి సముద్రం దాకా ఉన్న గోదావరిని పందొమ్మిదో శతాబ్దం నడుమ ఆవిరి పడవల రాదారిగా మార్చే ప్రయత్నం పెద్ద ఎత్తున జరిగింది. ఆ ప్రయత్నం పదేళ్లు దాటగానే ఆగిపోయినా, దాని కోసం నిజాం రాజ్యం వదులుకున్న భూముల గీతలు తెలుగు ప్రాంతాల పటం మీద ఇప్పటికీ కనిపిస్తాయి గనుక, దానిని కేవలం విఫలమైన ఇంజనీరింగు పథకంగా చూడడం సరిపోదు.

ఆవిరి యంత్రం అప్పటికి భారతీయ నదులకు కొత్త కాదు. 1834లోనే లార్డ్ విలియం బెంటింక్ అనే ఇనుప స్టీమరు గంగానదిపై కలకత్తా, అలహాబాదుల మధ్య నడక మొదలుపెట్టింది. స్టీమరు అంటే బాయిలరులో నీటిని మరిగించి, ఆ ఆవిరి బలంతో తెడ్ల చక్రాలను తిప్పుకుంటూ గాలితోనూ తెడ్లవాళ్లతోనూ నిమిత్తం లేకుండా సాగే ఓడ. సముద్రపు ఓడకు లోతైన నీరు కావాలి. వేసవిలో ఇసుక మేటలు తేలే మన నదులకు మాత్రం అడుగు చదునుగా ఉండి, బరువెక్కినా నీటిలో కొద్దిగానే మునిగే పడవ కావాలి. ఇంజను, బాయిలరు, ఇంధనం, సరుకు అన్నీ మోస్తూ పడవ తేలికగా ఉండాలనడమే నదీ స్టీమర్లను కట్టేవారికి అసలు పరీక్ష.

గోదావరి మీద ఈ ఆలోచనకు ప్రాణం పోసినవాడు ఇంజనీరు ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం దగ్గర 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తయిన ఆనకట్టను నేటి పాఠకులు సాగునీటి కట్టడంగానే ఎరుగుదురు గాని, కాటన్ దృష్టిలో కాలువలు పొలాలకు నీరిచ్చేవి మాత్రమే కావు, సరుకు మోసే దారులు కూడా. అందుకే డెల్టా ప్రధాన కాలువలపై లాకులు కట్టారు. రెండు తలుపుల మధ్య నీటిమట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ పడవను ఎక్కించి దించే ఏర్పాటుకు లాకు అని పేరు. వాటి మీదుగా రాదారి పడవలు ఒకవైపు కాకినాడకు, మరోవైపు ఏలూరు మీదుగా బెజవాడకు సాగాయి.

ఎగువ నది సంగతి వేరు. 1856లో ఎఫ్.టి. హేగ్ అనే సైనిక ఇంజనీరు గోదావరి, దాని ఉపనదుల నౌకాయాన యోగ్యతపై నివేదిక ఇచ్చాడు. పాపికొండల ఇరుకులో నీరు లోతుగా ఉన్నా వరదకాలపు వడికి ఎదురీదడం కష్టం. దాన్ని దాటి భద్రాచలం మీదుగా పోతే దుమ్ముగూడెం దగ్గర మొదటి రాతి అడ్డం, ఇంద్రావతి సంగమానికి దిగువన ఇంచంపల్లి దగ్గర రెండోది, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మూడోది ఎదురవుతాయి. ఇవి ఒక్కొక్క బండ కావు. మైళ్ల పొడవునా పరుచుకున్న రాళ్ల వరుసలు. అడ్డానికి ఎగువన ఆనకట్ట వేసి, గట్టు పక్కన లాకులతో కాలువ తవ్వి, పడవను రాళ్లను తప్పించి తీసుకుపోవాలన్నది పథకం. అది నెరవేరితే వార్ధా, నాగపూరు ప్రాంతాల పత్తి బండ్లెక్కకుండా నదిమీదనే కాకినాడ రేవుకు చేరుతుంది.

ఆ పత్తి కోసమే ఇంగ్లండు తొందరపడింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు దూది కరువైనప్పుడు, మాంచెస్టరు వ్యాపారుల పత్తి సరఫరా సంఘం గోదావరి పనుల కోసం ఇండియా మంత్రి చార్లెస్ వుడ్‌పై ఒత్తిడి తెచ్చింది. అంతకు కొద్ది ముందే, 1860 చివర, అఫ్జలుద్దౌలా పాలనలో సాలార్ జంగ్ దివానుగా ఉండగా కుదిరిన ఒడంబడికలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న రేకపల్లి, భద్రాచలం, చెర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ తాలూకాలను బ్రిటిషు వారికి వదులుకొని, నదిపై సాగే సరుకుకు సుంకం ఉండదని అంగీకరించాడు. మంజీర తీరపు మెదకు సీమ నిజాం ఏలుబడిలోనే ఉండిపోగా, అదే ప్రభువు రాజ్యంలో తూర్పు అంచు ఇలా పడవల కోసం తెగిపోయింది.

పనుల భారం హేగ్ మోశాడు. దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు లేచాయి. అయితే మన్యపు జ్వరాలు ప్రతి ఏటా కూలీలను, అధికారులను మంచాన పడేయడంతో పని చేయదగిన నెలలు కొద్దిగానే మిగిలేవి. ఆ అడవిలో రాయి మోసిన మనుషుల బాధ ఆనకట్టల చరిత్రలలో తగినంత చోటు పొందలేదు. పనులు ఈడుస్తూ ఉండగానే అమెరికా యుద్ధం 1865లో ముగిసింది, 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. దూది పడమటి దారి పట్టాక మూడు అడ్డాలను జయించి చేసే ప్రయాణానికి గిరాకీ లేకుండా పోయి, 1871లో ప్రభుత్వం పనులు నిలిపివేసింది. ఆవిరి యంత్రం ఓడిపోయిందని దీని అర్థం కాదు. అదే యంత్రం పట్టాల మీద ఏడాది పొడవునా నడవగలిగింది, నదిలో నీరున్న నెలల్లోనే నడవవలసి వచ్చింది. తేడా అంతా అక్కడే ఉంది. కాటన్ మాత్రం ఈ తీర్పును ఒప్పుకోక, 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా జలమార్గాల పక్షాన వాదించాడు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందన్న సంగతి భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ పరిశీలనల వల్ల బయటపడింది సరిగ్గా ఆ 1870ల ఆరంభంలోనే; స్టీమర్లకు అది అందివచ్చే కాలం అప్పటికే దాటిపోయింది.

  

నౌకాయానం ఆగినా భూములు నిజాంకు తిరిగి రాలేదు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో బ్రిటిషు పాలనలోని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారాయి. నూగూరు, ఆల్బాక, చెర్ల 1909లో వాటిని అనుసరించాయి. సిరొంచ అటే ఉండి నేడు మహారాష్ట్రలో ఉంది. భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేసినప్పుడు, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా దాని చుట్టుపక్కల గ్రామాలు కొన్ని అటు వెళ్లాయి. రాజమండ్రి నుంచి భద్రాద్రి రాముని దర్శనానికి యాత్రికులను మోసిన లాంచీలు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనూ పాపికొండల మధ్యనుంచే నడిచాయి.