దొంతరమల్లె పుట్టుపూర్వోత్తరములు



మంగళగిరి చెంతనున్న నిడమఱ్ఱు, బేతపూడి, నవులూరు గ్రామములు మల్లెతోటలకు పేరు గన్నవి. దొంతరమల్లె యెట్లు పుట్టినదో, యెట్లు నిలిచినదో నేడు మనవి చేసెదను.

అమరకోశము చెప్పు మల్లెపేళ్లలో రెంటిని నేను విద్యార్థులకు ప్రత్యేకముగా వివరించుచుండెడివాడను. ఒకటి శీతభీరువు, అనగా చలికి వెఱచునది. రెండవది భూపది, నేలయందు పాదము గలది. మల్లె చరిత్ర యంతయు నీ రెండు పేళ్లలో నిమిడియున్నది.

దీని జన్మభూమి దక్షిణాసియా యని వృక్షశాస్త్రజ్ఞుల మతము. 1753లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు దీనిని పారిజాతముతో నొక్క గణమున జేర్చెను. 1789లో ఏటను అను శాస్త్రజ్ఞుడు జాజుల గణమునకు మార్చెను. శాస్త్రనామమందలి ‘సాంబక్’ అరబ్బీనుండి వచ్చిన మాట.

1670 మొదలు 1723 వఱకు ఇటలీలోని టస్కనీ నేలిన మూడవ కోసిమో ప్రభువు, మిక్కిలి ఱేకులు గల దొంతరమల్లెను గోవానుండి తెప్పించి, ఫ్లోరెన్సు చెంతనున్న కాస్టెల్లో ఉద్యానమున బెంచెను. అన్యుల కొక్క కొమ్మయైన పోనీయలేదని ప్రతీతి. శీతభీరువు గనుక దానికి ప్రత్యేకముగా వెచ్చని గృహమే కట్టింపవలసివచ్చెను. నేటికిని ఆ రకమును ‘గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ’ యందురు. పూవు మనది, పేరు ఆ ప్రభువుది!

దొంతరపూలలో సామాన్యముగా కేసరములే ఱేకులుగా మాఱును. అందము హెచ్చినకొలది సంతానశక్తి తగ్గును. దొంతరమల్లెకు విత్తనము పట్టుట మిక్కిలి యరుదు. కావున తోటమాలి కొమ్మను వంచి మట్టి గప్పును. అది వేళ్లూనిన పిదప తల్లినుండి వేఱుచేయును. దీనినే అంటు త్రొక్కుట యందుము. భూపది యను పేరు సార్థకమైనది కదా! అంటుమొక్క బిడ్డ కాదు, తల్లిమొక్క శరీరమే. మన పెరటి మల్లె, చేతినుండి చేతికి వచ్చిన ఆ ప్రాచీన లతయొక్క కొమ్మయే.

ధాన్యపు గింజను గాదెలో దాచి మఱుసటి యేట చల్లవచ్చును. మల్లెకా వీలు లేదు. బ్రదికియున్న కొమ్మయే దాని విత్తనము. 2015లో అమరావతి రాజధానికై జరిగిన భూసమీకరణ పరిధిలోనికి నేను పేర్కొన్న గ్రామములు వచ్చినవి. నగరము కావలసినదే. కాని తోట తీయుటకు ముందే యొక్క కొమ్మను నేలకు వంచి యంటు త్రొక్కినచో వంశము నిలుచును.

పెద్దలారా! కోసిమో ప్రభువువలె దాచుకొనకుడు. ఒక్కొక్క అంటు పొరుగువారి కిండు. పంచినకొలది నిలుచు ధనమిది.