బొంత నుంచి బ్రాండు దాకా: కర్నూలు, కడప మెట్టసీమలో పాతబట్ట చరిత్ర

వ్యాససంగ్రహం

వాడి విడిచిన బట్టతో విద్యార్థులు సంచులు, దుస్తులు, అలంకరణ వస్తువులు తయారుచేసి, వాటికొక పేరు పెట్టి కళాశాల తరఫున అమ్మకానికి పెట్టడం 'అప్‌సైక్లింగ్' పేరిట ఇటీవల ప్రచారంలోకి వచ్చింది. కర్నూలు, కడప ప్రాంతంలో ఈ పనికి దీర్ఘమైన పూర్వచరిత్ర ఉన్నది. అక్కడ పాతబట్టను తిరిగి వాడుకోవడం కరువు నేర్పిన అలవాటని, ఆ శ్రమ స్త్రీలదీ దూదేకులవంటి వృత్తివర్గాలదీ అని, దానికి వెల గాని గౌరవం గాని దక్కలేదని, ఆ అలవాటు క్షీణించడానికి ప్రధానకారణం బట్టలోని పోగు మారిపోవడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కర్నూలు, కడప అన్నప్పుడు 2022 పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాలనే గ్రహించాలి.

కీలకపదాలు: బొంత, దూదేకులు, రాయలసీమ, కరువు, ఖద్దరు, మూలవిద్య, అప్‌సైక్లింగ్.

ప్రవేశిక

'అప్‌సైక్లింగ్' అనే మాట వయస్సు ఇంచుమించు ముప్పై ఏళ్ళు. పాతభవనాలు కూల్చి, ఇటుకలను పొడిచేసి, దాన్నే రీసైక్లింగ్ అని చెప్పుకోవడాన్ని ఆక్షేపిస్తూ రైనర్ పిల్జ్ అనే జర్మన్ ఇంజినీరు 1994లో ఈ మాట వాడాడు. పాతవస్తువు విలువ తగ్గకూడదు, పెరగాలి అన్నది అతని ఉద్దేశం. 1999లో గుంటర్ పౌలీ ఈ పేరుతోనే పుస్తకం వెలువరించాడు. ఆ తరువాత ఈ మాట భవననిర్మాణం నుంచి వస్త్రరంగంలోకి వచ్చి, అక్కడే స్థిరపడింది.

తెలుగులో దీనికి సరితూగే పారిభాషికపదం ఇంకా కుదురుకోలేదు. 'పునర్వినియోగం' అంటే విలువ పెరగడం అన్న అర్థం రాదు. అయితే పాతబట్ట ఎత్తే ఒక్కొక్క అవతారానికి ఒక్కొక్క పేరు మాత్రం మన వాడుకలో మొదటినుంచీ ఉన్నది. చిరుగుకు వేసేది మాసిక. పొరలు పేర్చి కుట్టేది బొంత. కడవ కింద తలమీద పెట్టుకొనేది చుట్టకుదురు. పసిబిడ్డను చుట్టేవి పొత్తిగుడ్డలు. పొయ్యిమీది కుండ దించేది మసిగుడ్డ. ఇవేవీ కానప్పుడు మిగిలేది పేలిక. అది కూడా వత్తిగానో దివిటీగానో వెలిగి ముగుస్తుంది. ఇంత సూక్ష్మమైన పదజాలం ఉన్నచోట ఒక వ్యవస్థ ఉండితీరాలి. దాన్ని వస్త్రచరిత్రలో భాగంగా చూడకపోవడం మన పరిశోధనలోని లోటు. మన వస్త్రచరిత్రలు మగ్గం దగ్గర మొదలై అంగడి దగ్గర ఆగిపోతాయి. బట్ట కొన్న తరువాత ఇంట్లో గడిపిన ఇరవై ఏళ్ళ గురించి వాటిలో దాదాపు ఏమీ ఉండదు.

మెట్టనేల, పత్తి, కరువు

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలలో కడప ఒకటి. కర్నూలు నవాబు సంస్థానం 1839లో కంపెనీ వశమైంది. 'రాయలసీమ' అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదనతో వచ్చింది. ఇక్కడ సగటు వార్షికవర్షపాతం కర్నూలులో సుమారు 670, కడపలో సుమారు 700 మిల్లీమీటర్లు. అదీ సకాలంలో కురిస్తే. వరికి చాలని ఈ వాన నల్లరేగడిలో పత్తికి సరిపోయింది. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల పత్తిని మద్రాసు వర్తకులు 'నార్తర్న్స్' అనే పేరుతో కొనేవారు. ఆదోని పెద్ద పత్తిమార్కెట్టుగా ఎదిగింది. నంద్యాలలో 1906లోనే వ్యవసాయ పరిశోధనకేంద్రం ఏర్పడింది.

పత్తి పండించే నేల మీదనే కట్టుబట్టకు కొరత ఉండటం ఈ ప్రాంతచరిత్రలోని వైరుధ్యం. పత్తి రైతు చేతి నుంచి వర్తకుని చేతికి, అక్కడి నుంచి ఓడలోకి పోయింది. మిల్లుబట్టగా తిరిగి వచ్చినప్పుడు దాన్ని కొనడానికి పంట అమ్మిన డబ్బు ఉండాలి. పంట లేని ఏడు బట్ట కూడా లేదు. 1876-78 నాటి ధాతు కరువు ఈ సంగతిని బయటపెట్టింది. ఆ కరువులో ఇంగ్లండులో వసూలైన మాన్షన్ హౌస్ నిధి సహాయంలో తిండితో పాటు బట్టల పంపకం కూడా ఉన్నది. ఆ సహాయకమిటీకి కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ 1878లో ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ ప్రధానాధారం. కరువులో ముందు నగలు, తరువాత గిన్నెలు, చివరికి బట్టలు పోతాయి. కరువుసహాయం గంజితోనే ముగియదని ప్రభుత్వాలకు తెలిసిరావడానికి అంత పెద్ద విపత్తు అవసరమైంది.

బొంత

సి.పి.బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి, అక్కడ తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తెలుగు చదివించుకొన్నాడు. 1852 నాటి ఆయన నిఘంటువులో గంత, బొంత రెండూ ఉన్నాయి. 'గంతకు తగ్గ బొంత' అన్న సామెతలోని గంత పశువు వీపున వేసే జీను వంటిది. దాని కింద ఒరుపు తగలకుండా పరిచే మెత్తే బొంత. నేడు ఈ సామెతను పెళ్ళిసంబంధాల వేళాకోళానికే వాడుతున్నాము గాని, దాని మూలం ఎద్దులమీద, గాడిదలమీద సరుకు మోసిన మెట్టదారుల వాణిజ్యంలో ఉన్నది. బొంత మనిషి కప్పుకొనే వస్తువే కాక రవాణాసాధనంలో ఒక భాగం కూడా అన్నమాట.

బొంత కుట్టే పద్ధతి చూడటానికి సులభంగా ఉంటుంది. నేసిన చీర నలిగి నలిగి మెత్తబడిన తరువాతనే బొంతకు పనికివస్తుంది. కొత్తబట్ట సూదికి లొంగదు. బాగా చినిగినవి లోపలిపొరల్లోకి, కొంచెం గట్టిగా ఉన్నవి పైకి, కిందికి పోతాయి. నాలుగు మూలలా బరువులు పెట్టి నేలమీద సాగదీసి, అంచు నుంచి లోపలికి చుట్టూ దూరపుకుట్టు వేసుకుంటూ పోతారు. చీరల అంచులు బొంతకు అంచులవుతాయి. పని పొలంలో లేని ఎండాకాలంలో, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చొని చేసే పని ఇది. ఒక ఇంటి బొంతలో అవ్వ చీర, తాత పంచె, పెళ్ళయి వెళ్ళిన కూతురి పావడా వరుసగా కనిపిస్తాయి. ఎవరి బట్ట ఏదో కుట్టిన మనిషికి తెలుసు. ఆమె పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇదే పని బెంగాల్‌లో కాంథా, బీహారులో సుజనీ, జపానులో బోరో. నక్షీకాంథాకు, సుజనీకి భౌగోళికసూచిక గుర్తింపు వచ్చింది. కర్నూలుకు పొరుగున సండూరు లంబాడీల కుట్టుపనికి 2010లో వచ్చింది. రాయలసీమ బొంతకు రాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు: దానిమీద పూలు, ఏనుగులు కుట్టలేదు. అలంకారం లేని పనిని కళగా గుర్తించడానికి మన సంస్థలు ఇంకా అలవాటు పడలేదు. పైగా భాషలో దానికి దక్కిన స్థానం చూడండి. నిలకడలేని ప్రభుత్వాన్ని, పొంతనలేని రచనను 'అతుకుల బొంత' అని ఈసడిస్తాము. నిజానికి అతుకు వల్లనే బొంత నిలుస్తుంది. కుట్టు సరిగా ఉన్న బొంత నేసిన దుప్పటికంటె ఎక్కువకాలం మన్నుతుంది.

దూదేకులవృత్తి

బొంత ఇంటిలోని పని. దూదిని తిరిగి వాడకంలోకి తెచ్చినది మాత్రం ఒక కులవృత్తి. కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాలలో విరివిగా కనిపించే దూదేకులు ఇస్లాంను అనుసరిస్తూ తెలుగు మాట్లాడే సమాజం. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య ఈ కులంవాడేనని కడపసీమ అంతటా చెప్పుకొంటారు. నరపుతీగ కట్టిన పెద్ద విల్లును దూదిమీద పట్టి, కొయ్యగుండుతో మీటితే ముద్దలు విడిపోయి దూది పింజలవుతుంది. వడికేముందు కొత్త దూదిని ఏకడం ఈ వృత్తిలో ఒక భాగం. ఏళ్ళ తరబడి వాడి గట్టిపడిన పరుపులు, దిండ్లు విప్పి, ఆ పాతదూదినే ఎండబెట్టి, దుమ్ము దులిపి, మళ్ళీ ఏకి, మళ్ళీ నింపడం రెండో భాగం. మిల్లునూలు వచ్చి చేతివడుకు పడిపోయినప్పుడు మొదటిది పోయింది. రెండోదే వారికి కూడు పెట్టింది.

వస్తువు విలువను తిరిగి పెంచడం అన్న నిర్వచనానికి ఇంతకంటె నికార్సైన ఉదాహరణ దొరకదు. కాని ఆ పని చేసినవారి పేరుకు ఏమి జరిగింది? 'పింజారి' అన్న వృత్తినామం తెలుగులో తిట్టుపదంగా మారింది. ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితాలో బి-గ్రూపు కింద దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అన్న పేర్లు పక్కపక్కన ఉన్నాయి. చట్టం కులంగా గుర్తించిన పేరునే సినిమాసంభాషణల్లో, వీధితగాదాల్లో తిట్టుగా వింటాము. పాతదూది దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు దక్కిన ప్రతిఫలం ఇది. అదే పనిని ఆంగ్లనామంతో చేసినప్పుడు ప్రశంసాపత్రం వస్తున్నది గనుక ఈ భేదాన్ని చరిత్రకారుడు నమోదు చేయక తప్పదు.

దానమా, దహనమా: 1921

పాతబట్ట నైతికప్రశ్నగా మారిన సందర్భం ఒకటున్నది. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ కొల్లాయి కట్టారు. ఆ నెలాఖరులోనే కడప, కర్నూలు పట్టణాలలో పర్యటించారు. అంటే ఆ కొత్త వేషంలో ఆయనను తొలిగా చూసిన తెలుగు జనంలో సీమవారున్నారు. అప్పటికి విదేశీవస్త్రదహనంమీద పెద్ద చర్చ నడుస్తున్నది. బట్టలేని పేదలున్న దేశంలో బట్ట తగలబెట్టడం సరికాదని సి.ఎఫ్.ఆండ్రూస్, రవీంద్రనాథ ఠాగూరు అభ్యంతరం చెప్పారు. మనం కట్టరాదనుకొన్నదాన్ని పేదకు ఇవ్వడం అతని ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందన్నది గాంధీజీ సమాధానం. కావలసినవారు ఆ బట్టను స్మిర్నా బాధితులకు పంపవచ్చునన్న సడలింపు కూడా ఉండేది.

ఈ వాదంలో ఎవరి పక్షం వహించినా, ఒక విషయం స్పష్టం. విడిచినబట్టను ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నది బట్ట నాణ్యతకంటె పెద్ద ప్రశ్న. సీమ పల్లెల్లో బుడబుక్కలవారు పాతబట్టలే అడిగేవారు. చాకలికి పాతబట్ట వాటాగా ముట్టేది. తరువాతి కాలంలో పాతబట్టలకు స్టీలుగిన్నెలు ఇచ్చే మారుబేరం వచ్చింది. ఇందులో మాత్రమే ఇచ్చే ఇల్లాలికి బేరమాడే హక్కు ఉన్నది. ఈ తేడా చిన్నది కాదు.

విద్యార్థి చేతిపని, అమ్మకం

విద్యార్థులు బట్ట తయారుచేయడం కూడా కొత్త కాదు. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతో పాటు చేతిపనులు నేర్పేవారు. 1937 వార్ధా విద్యాసమావేశం ఈ ఆలోచనను దేశవ్యాప్త ప్రణాళిక చేసింది. జాకిర్ హుసేన్ కమిటీ రూపొందించిన మూలవిద్యలో వడకడం, నేయడం కేంద్రస్థానంలో ఉన్నాయి. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో పాఠశాల ఖర్చు కొంతైనా గడవాలని గాంధీజీ ఆశించారు.

ఆ సమావేశంలోనే ఆర్థికవేత్త కె.టి.షా ఒక అభ్యంతరం లేవదీశాడు. పాఠశాలకు ముడిసరుకు, పరికరాలు, స్థలం ప్రభుత్వమే ఇస్తుంది. పిల్లల శ్రమకు కూలి లేదు. అటువంటి వస్తువు బజారుకు వస్తే వృత్తిపనివాడు పోటీపడలేడు. ఎనభయ్యేళ్ళు దాటినా ఈ ప్రశ్నకు పదును తగ్గలేదు. 2022 జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమలులోకి వచ్చిన తరువాత గుడ్డసంచులకు గిరాకీ పెరిగింది. పాతచీరతో ఒక విద్యార్థిబృందం కుట్టిన సంచి, బజారువీధి అరుగుమీద కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీ కుట్టిన సంచి ఒకే కొనుగోలుదారు ముందుకు వస్తాయి. మొదటిదానికి కళాశాల పేరు, ప్రదర్శనశాల, అధ్యాపకుల సిఫారసు తోడు. రెండోదానికి అరుగు అద్దె భారం. విద్యార్థులు నేర్చుకోకూడదని దీని అర్థం కాదు. దర్జీ, బొంత కుట్టే స్త్రీ ఆ శ్రేణిలో కూలి తీసుకొనే భాగస్వాములైతే షా ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. వారిని 'ప్రేరణ'గా పేర్కొని వదిలేస్తే దొరకదు.

పోగు మారిన కథ

ఇంతకీ ఈ అలవాటు ఎందుకు పోయింది? జనం విలాసాలకు మరిగారని, పెద్దల పొదుపు మరచిపోయారని తరచు వినిపించే సమాధానం నాకు తృప్తినివ్వదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో 1943 నాటి నూలు, బట్టల నియంత్రణ ఉత్తర్వుతో బట్ట కరవైనప్పుడు మాసికలేని ఇల్లు లేదు. ఆ తరమే తరువాత వచ్చిన బట్టలతో బొంతలు కుట్టడం మానేసింది. బట్ట మారింది కనుక.

1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన ఎమ్మిగనూరు చేనేత సహకారసంఘం వంటివి నూలుబట్టను నిలబెట్టడానికి గట్టిగా ప్రయత్నించాయి. కాని 1985 జౌళివిధానం కృత్రిమనూలుకు దారి సుగమం చేసింది. ఉతికితే వెంటనే ఆరేది, ముడతపడనిది, చవకైనది అయిన పాలిస్టరు చీర కూలికి పోయే స్త్రీకి నిజంగానే ఉపకారం చేసింది. ఆమెను తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. అయితే ఆ చీర చచ్చిన తరువాత ఎందుకూ పనికిరాదు. నీరు పీల్చదు గనుక పొత్తిగుడ్డ కాదు. వేడికి కరుగుతుంది గనుక మసిగుడ్డ కాదు. నూనె తాగదు గనుక వత్తి కాదు. ఒంటికి ఉక్కపోత గనుక బొంత కాదు. పరుపులోకి ఫోము వచ్చాక ఏకడానికి దూదీ లేదు. ప్రవేశికలో చెప్పిన పేర్లన్నీ ఒక్కొక్కటే వాడుక తప్పడానికి కారణం ఇక్కడ ఉన్నది.

నేటి విద్యార్థులకు చేతికందే పాతబట్టలో అధికభాగం ఇటువంటి మిశ్రమనూలే. అందుకే వారి శ్రేణుల్లో సంచులు, పర్సులు, తలపట్టీలు ఎక్కువ. ఒంటికి తగిలే దుస్తులు తక్కువ. సేకరించిన బట్టను మొదట పోగును బట్టి వేరుచేయడం, నూలుబట్టను బొంతకు, దుస్తులకు, మిశ్రమనూలును సంచులకు కేటాయించడం కుట్టుకంటె ముందు నేర్పవలసిన పాఠం. చేతితో తడిమి నూలును గుర్తుపట్టగలవారు కర్నూలు, నంద్యాల వీధుల్లో ఇంకా ఉన్నారు. విల్లు బదులు యంత్రం బిగించిన బండితో పరుపులు, దిండ్లు ఏకుతామని కేకవేస్తూ తిరిగే ఆ పనివారికి, విప్పిన పరుపులో చేయి పెట్టగానే లోపలున్నది పత్తో, మిల్లు తుక్కో, ఫోము ముక్కలో తెలిసిపోతుంది.