గ్రంథస్వామ్య కాలపరిమితి: 1992 సవరణ – తెలుగు రచనలు

1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టం, రచయిత జీవితకాలంలో వెలువడిన రచనలకు అతని మరణానంతరం 50 సంవత్సరాల రక్షణ కల్పించింది. మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి ఈ కాలాన్ని లెక్కిస్తారు. రవీంద్రనాథ్ టాగూరు 1941లో మరణించినందున ఆయన రచనలపై విశ్వభారతికి గల హక్కు 1991 డిసెంబరు 31తో ముగియవలసి ఉంది. దానికి కొద్ది రోజుల ముందు ఆర్డినెన్సు, 1992లో సవరణ చట్టం వెలువడి ఆ పరిమితిని 60 సంవత్సరాలకు పెంచాయి.

ఒక కవి నిమిత్తంగా వచ్చిన ఈ పొడిగింపు, అప్పటికి హక్కు తీరని రచనలన్నింటికీ వర్తించింది. 1940లో మరణించిన గిడుగు రామమూర్తి జీవితకాలంలో అచ్చయిన రచనలు 1991 ఆరంభానికే పబ్లిక్ డొమైన్‌లో చేరాయి. 1958లో మరణించిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ మాత్రం 2009కి బదులు 2019 జనవరి 1న చేరింది. బ్రిటిష్ పాలనలో నిషేధానికి గురైన ఆ నవల పునర్ముద్రణకు స్వతంత్ర భారతంలో మరో పదేళ్లు హక్కుదారుల అనుమతి అవసరమైంది.

మరణానంతరం తొలిసారి ప్రచురితమైన రచనకు గడువు ఆ ప్రచురణ సంవత్సరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అందువల్ల రచయిత మరణ సంవత్సరం, ప్రతి రచన తొలి ముద్రణ సంవత్సరం నిర్ధారించడం జీవితచరిత్రకే పరిమితమైన పని కాదు. ప్రామాణిక ప్రతుల పరిష్కరణకు, పునర్ముద్రణకు అదే తొలి మెట్టు.